జింకు ఆకుకి, బోరాన్ వేరుకి: కాఫీ తోటకి సూక్ష్మపోషకాలు ఎలా ఎంచుకోవాలి

పాడేరులోనో చింతపల్లిలోనో ఎరువుల కొట్టుకి వెళ్లి, కాఫీకి జింకు కావాలని అడగండి. కౌంటరు మీదకి నాలుగు సరుకులు వస్తాయి. ఉప్పు పలుకుల్లా ఉండే జింక్ సల్ఫేట్, మెరిసే కవరులో చిలేటెడ్ జింకు, సీసాలో పాలలా తెల్లగా ఉండే జింక్ ఆక్సైడ్ ద్రవం, అన్నీ కలిపామని చెప్పే ఫార్ములా ప్యాకెట్టు. "ఏది వాడమంటావన్నా?" అంటే, "కాస్త రేటెక్కువైనా చిలేటెడ్ తీసుకో తమ్ముడూ, ఆకు వెంటనే లాగేసుకుంటాది" అంటాడు కొట్టాయన.

నేను చాన్నాళ్లు ఆ మాట మీదే కొన్నాను. ఇప్పుడు కొనేముందు రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఈ ధాతువు కాఫీ ఆకు లోపలికి ఎంత సులువుగా వెళ్తుంది? వెళ్లాక పడిన ఆకులోనే ఉండిపోతుందా, చిగురుకీ కాయకీ కదులుతుందా? ఈ రెండూ తెలిస్తే ఏది పిచికారీ చెయ్యాలో, ఏది పాదులో వెయ్యాలో, ఏది అసలు కొననక్కర్లేదో చాలావరకు తేలిపోతుంది.

ఆకు తలుపు కింద వైపు ఉంది

కాఫీ ఆకుని పైనుంచి చూస్తే నూనె రాసినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు మైనం పొర. వాన నీళ్లు జారిపోవడానికి చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. మనం కొట్టే మందు నీళ్లు కూడా దానిమీద అలాగే జారిపోతాయి. ఆకు గాలి పీల్చుకునే పత్రరంధ్రాలు కాఫీలో అడుగు వైపే ఉంటాయి, పై వైపు ఉండవు. అడుగున పొర కూడా పలచన. అందుకే నాజిల్ పైకి తిప్పి, కొమ్మల కిందనుంచి ఆకుల అడుగు తడిసేలా కొట్టిన ట్యాంకు, నిలబడి పైనుంచి కొట్టిన ట్యాంకు కంటే బాగా పని చేస్తుంది. కూలీలకి ఇది చిరాకు పని. చెయ్యి నొప్పి పుడుతుంది, మందు మొహాన పడుతుంది. అయినా ఏ ప్యాకెట్టు కొనాలన్న ఆలోచన కంటే ముందు సరిచేసుకోవాల్సింది ఇదే.

ఆ పొరల గుండా నీటిలో కరిగి ఉన్నదే లోపలికి పోగలదు. చుక్క ఆరిపోయిందంటే ప్రయాణం ఆగిపోయినట్టే. మళ్లీ మంచు పడి తడిస్తే మళ్లీ మొదలవుతుంది. ఒక్కో లవణం గాల్లో తేమ ఎంత ఉంటే తడిగా నిలుస్తుందన్నది ఒక్కో రకంగా ఉంటుంది. జింక్ నైట్రేట్‌కి గాల్లో తేమ 42 శాతం ఉంటే చాలు, తడిగానే ఉంటుంది. జింక్ సల్ఫేట్‌కి 90 శాతం దాకా కావాలి. అంటే ఎండలో 11 గంటలకి కొట్టిన సల్ఫేట్ పావుగంటలో తెల్లటి పొడిగా మారి ఆకు మీద కూర్చుంటుంది. పొద్దున్నే, లేదా సాయంత్రం నాలుగు దాటాక, సిల్వర్ ఓక్ నీడలో కొట్టినది రాత్రి మంచుతో మళ్లీ కరిగి మెల్లగా దిగుతుంది. మన మన్యంలో తేమకి కొదవ లేదు, కాబట్టి ఇక్కడ సల్ఫేట్ బాగానే పనిచేస్తుంది. బయలు ఎండలో, నీడ లేకుండా పెంచే బ్రెజిల్ తోటల్లో ఈ సమస్య ఎక్కువ.

ఇంకో చిక్కు ఉంది. ఆకు పొరకి రుణావేశం ఉంటుంది, జింకుకి ధనావేశం. లోపలికి పోయే దారిలోనే జింకు గోడకి అంటుకుపోతుంది. చిలేటెడ్ జింకుకి ఈ బాధ లేదు, ఈడీటీఏ అనే రసాయనం దాన్ని చుట్టుకుని ఉంటుంది కాబట్టి అంటుకోదు. కానీ ఆ చుట్టుకున్న ముద్ద పెద్దది. సన్నటి దారుల్లో పెద్ద ముద్ద నెమ్మదిగా కదులుతుంది. ఒక చోట కలిసొచ్చింది ఇంకో చోట పోతుంది. వెంటనే లాగేసుకుంటుందన్న మాటలో సగమే నిజం ఉందనేది ఇందుకే.

లోపలికి వెళ్లాక ఎక్కడికి?

వేరు నుంచి ఆకుకి నీళ్లు తెచ్చే దారి ఒకటి, ఆకు తయారు చేసిన చక్కెరని చిగురుకీ కాయకీ వేరుకీ మోసే దారి ఇంకొకటి. ఆకు మీద కొట్టిన పోషకం ఆ ఆకు దాటి బయటికి రావాలంటే రెండో దారిలోనే రావాలి. నత్రజని, పొటాష్, మెగ్నీషియం ఆ బండి సులువుగా ఎక్కేస్తాయి. జింకు, రాగి, మాంగనీసు, ఇనుము ఎక్కడానికి మొరాయిస్తాయి, ఎక్కినా కొంచెమే. బోరాన్, కాల్షియం దాదాపు ఎక్కవు.

బోరాన్ సంగతి చెట్టుని బట్టి మారుతుంది. ఆపిల్, చెర్రీ లాంటి చెట్లు సార్బిటాల్ అనే చక్కెరని మోస్తాయి. బోరాన్ దాన్ని పట్టుకుని చెట్టంతా తిరుగుతుంది. కాఫీ మోసేది ముఖ్యంగా సుక్రోజు, దాన్ని బోరాన్ పట్టుకోలేదు. అందుకే ఆపిల్ తోటల సలహా చదివి కాఫీకి బోరాన్ పిచికారీ చేస్తే, పడిన ఆకు తినడం తప్ప చెట్టుకి దక్కేది తక్కువ.

లోపం గుర్తుపట్టడానికి కూడా ఇదే కొండగుర్తు. కదలనివి కొత్త ఆకుల్లో లోపం చూపిస్తాయి, ఎందుకంటే పాత ఆకులు తమ దగ్గరున్నది చిగురుకి పంపలేవు. కదిలేవి పాత ఆకుల్లో చూపిస్తాయి. కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా ఉంటే అది మెగ్నీషియం, జింకు కొని లాభం లేదు. చిగురాకులు సన్నగా, చిన్నగా, గుత్తిలా దగ్గర దగ్గరగా వస్తే జింకు. కొన చచ్చిపోయి, దాని కింద నుంచి చీపురులా నాలుగైదు కొమ్మలు పుడితే బోరాన్. లేత ఆకు మొత్తం పాలిపోయి ఈనెలు మాత్రం వలలా పచ్చగా కనబడితే ఇనుము. ఇది ఎక్కువగా సున్నమో బూడిదో మితిమీరి వేసిన చోట చూస్తాం.

జింకు: సల్ఫేట్, చిలేటెడ్, ఆక్సైడ్

జింకుని పాదులో వెయ్యకుండా ఆకుకి ఎందుకు కొట్టాలి? మన ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు జింకుని గట్టిగా పట్టుకుంటాయి. సున్నం వేసి పీహెచ్ (నేల పులుపు, క్షారం చెప్పే కొలత) పెంచితే ఇంకా బిగుసుకుపోతుంది. బ్రెజిల్లో కూడా బంకమన్ను ఎక్కువున్న ఎర్ర నేలల్లో జింకుని ఆకు ద్వారానే ఇస్తారు. ఇసుక పాలు ఎక్కువున్న తేలిక నేలల్లో పాదులో వేసినా పనిచేస్తుంది.

ఇక ఏ రూపం? ఇక్కడ లెక్క వేసి చూడాలి. పలుకుల్లా ఉండే మామూలు జింక్ సల్ఫేట్, అంటే హెప్టాహైడ్రేట్‌లో జింకు 21 శాతం. పొడిగా ఉండే మోనోహైడ్రేట్‌లో 33 శాతం. చిలేటెడ్‌లో 12 శాతం. ఆక్సైడ్ ద్రవంలో 39.5 శాతం. సల్ఫేట్ లీటరుకి 5 గ్రాములు, 200 లీటర్ల డ్రమ్ముకి కిలో కలిపితే డ్రమ్ములో 210 గ్రాముల జింకు ఉన్నట్టు. చిలేటెడ్ లీటరుకి గ్రాము చొప్పున 200 గ్రాములు కలిపితే డ్రమ్ములో ఉండేది 24 గ్రాములే. ఆకు దాన్ని ఎంత చక్కగా పీల్చుకున్నా, తొమ్మిదో వంతు సరుకుతో అదే ఫలితం ఆశించడం అత్యాశే. కొట్టులో అడగాల్సింది ప్యాకెట్టు ధర కాదు, గ్రాము జింకు ఎంత పడుతుందని. అడిగి చూడండి, ఆయన ముఖం చూడాలి.

పెద్ద చెట్ల తోటకి నా ఓటు సల్ఫేట్‌కే. కానీ దానికో గుణం ఉంది, ఒంటరిగా కొడితే ఆకుని కాలుస్తుంది. ఒకసారి తొందరలో సున్నం కలపకుండా, అదీ ఎండెక్కాక కొట్టించాను. మూడో రోజుకి లేత ఆకుల అంచులు గోధుమ రంగుకి తిరిగాయి. తప్పు నాదే. సల్ఫేట్‌లో సగం బరువు సున్నం, అంటే డ్రమ్ముకి అరకిలో, విడిగా కలిపి గుడ్డతో వడగట్టి పోస్తే ఆ భయం ఉండదు. అయితే సున్నం జింకుని కొంత కరగని రూపంలోకి మారుస్తుంది కాబట్టి పీల్చుకోవడం నెమ్మదిస్తుంది. సున్నానికి బదులు యూరియా లీటరుకి 5 గ్రాములు కలిపేవాళ్లూ ఉన్నారు. యూరియా పొరని దాటించడానికి సాయం చేస్తుంది. ఇలా కలిపితే నీడలోనే, చల్లటి వేళలోనే కొట్టాలి. యూరియాలో ఉండే బైయూరెట్ అనే మలినం కాఫీకి పడదు, కాబట్టి ఆ మోతాదు దాటొద్దు.

బ్రెజిల్ రైతులు మూడో దారి పట్టారు. జింక్ సల్ఫేట్‌తో పాటు పొటాషియం క్లోరైడ్ లీటరుకి 3 గ్రాముల దాకా కలుపుతారు. దీనితో ఆకులోకి వెళ్లే జింకు పెరుగుతుంది. మనకి అది మ్యూరేట్ ఆఫ్ పొటాష్ పేరుతో దొరుకుతుంది. ఎర్రగా ఉండే రకంలో మడ్డి ఎక్కువ, నాజిల్ మూసుకుపోతుంది. తెల్లది దొరికితేనే కలపండి, అది కూడా ముందు నాలుగు చెట్ల మీద కొట్టి చూసి.

మరి చిలేటెడ్ ఎప్పుడు కొనాలి? నర్సరీలో సంచి మొక్కలకి కొనండి. లేత ఆకులు, తక్కువ మోతాదు, కాలిపోతుందన్న టెన్షన్ ఉండదు. నీళ్లలో క్షారగుణం ఎక్కువున్న చోట కూడా అదే మేలు, సల్ఫేట్ అక్కడ అడుగున పేరుకుంటుంది. వేరే మందుతో కలిపి ఒకే దెబ్బలో కొట్టాల్సి వచ్చినా చిలేటెడ్ మిగతావాటితో పెద్దగా గొడవ పడదు. ఇనుము లోపానికైతే చిలేటెడ్ ఇనుమే కొనండి, ఫెర్రస్ సల్ఫేట్ గాలి తగలగానే తుప్పులా మారిపోతుంది.

ఆక్సైడ్ ద్రవం మీద నాకు పెద్ద నమ్మకం లేదని ముందే చెప్పేస్తున్నా. శాతం చూస్తే ఎక్కువే, కానీ అది కరగని పొడి. ఆకు మీద తెల్లగా అంటుకుని వానకి అంత తొందరగా కొట్టుకుపోదు. అక్కడే కూర్చుని చాలా మెల్లగా దిగుతుంది. లోపం రాకుండా ముందు జాగ్రత్తకి పనికొస్తుంది. చిగురు అప్పటికే సన్నబడిపోయిన తోటకి అంత ఓపిక ఉండదు.

బోరాన్: పాదులో వెయ్యండి

ఆకు దాటి కదలని బోరాన్‌ని ఆకు మీద కొట్టి సంవత్సరమంతా నడిపించాలంటే, ప్రతి కొత్త చిగురుకీ మళ్లీ కొడుతూ ఉండాలి. అదే వేరు దగ్గర ఉంటే నీటితో పాటు తనంతట తనే ప్రతి చిగురుకీ ఎక్కుతుంది. అందుకే బోరాన్‌కి పాదే మేలు.

దొరికే రకాలు మూడు. బోరాక్స్‌లో బోరాన్ 10.5 శాతం, బోరిక్ యాసిడ్‌లో 17, చల్లటి నీళ్లలోనే ఇట్టే కరిగే ఆక్టాబోరేట్ పొడిలో 20. పాదుకి చవకైన బోరాక్స్ చాలు. ఎకరానికి ఏడాదికి 4 నుంచి 8 కిలోలు. ఆరడుగుల ఎడంలో ఎకరానికి 1,210 మొక్కలు పడతాయి కాబట్టి మొక్కకి వచ్చేది టీ చెంచాడు, అంతే. ఇక్కడ చెయ్యి జారితే మన్నించేది లేదు. బోరాన్ తక్కువైతే వచ్చే నష్టానికీ ఎక్కువైతే వచ్చే నష్టానికీ మధ్య ఎడం బాగా తక్కువ. ఎక్కువైతే పాత ఆకుల అంచులు పసుపెక్కి మాడతాయి. ఒక కుప్పగా పోయకుండా, మట్టిలోనో చివికిన ఎరువులోనో కలిపి పాదు చుట్టూ చల్లండి.

బోరాన్ వానతో కిందికి కొట్టుకుపోయే రకం. జూన్ మొదటి వానలకి సగం, వానలు తగ్గాక సెప్టెంబరులో సగం వెయ్యడం నయం. వేసవిలో నేల ఎండినప్పుడు పాదులో బోరాన్ ఉన్నా వేరు లాగలేదు. మార్చిలో కొనలు ఎండిపోతే వెంటనే బోరాక్స్ సంచి కొనకండి. వానలు పడి కొత్త చిగురు ఎలా వస్తుందో చూశాక నిర్ణయించుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం బోరాన్ ఆకుల మీద కొట్టడం సబబే. అది కూడా నిజానికి ఆకు కోసం కాదు. పూత వానకి ముందు మొగ్గలు తయారుగా ఉన్నప్పుడు కొడితే, బోరాన్ నేరుగా మొగ్గ మీదే పడుతుంది. ఎక్కడికీ ప్రయాణించక్కర్లేదు. లీటరుకి బోరిక్ యాసిడ్ గ్రాము నుంచి 2 గ్రాములు, కొన్ని వేడి నీళ్లలో ముందే కరిగించి కలపండి.

బోర్డోతో కలిపేద్దామనుకునే వాళ్లకి

ఆకుల మీద వచ్చే కుంకుమ తెగులుకి బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన మందు) ఎలాగూ కొడుతున్నాం, అందులోనే జింకు పోసేస్తే కూలి మిగులుతుంది కదా అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. కూలి మిగిలే మాట నిజమే. కానీ రాగి, జింకు ఒకే తలుపు దగ్గర తోసుకుంటాయి. రాగి ఎక్కువుంటే జింకు తక్కువ పోతుంది. పైగా బోర్డోలోని సున్నం జింకుని కరగని రూపంలోకి మారుస్తుంది.

బ్రెజిల్లోని విసోజా విశ్వవిద్యాలయం వాళ్లు తయారు చేసిన విసోజా మిశ్రమంలో రాగి, జింకు, మెగ్నీషియం సల్ఫేట్లు, బోరిక్ యాసిడ్, సున్నం అన్నీ కలిసే ఉంటాయి కదా అని ఎవరైనా అనొచ్చు. ఉంటాయి. దాని మొదటి పని కుంకుమ తెగులుని ఆపడం, పోషణ దానికి తోడు. జింకు లోపం లేని తోటలో అలాంటి మిశ్రమం ఒక పనికి రెండు పనులు చేస్తుంది. లోపం కళ్లకి కనిపించే తోటలో జింకుని విడిగా, బోర్డోకి రెండు వారాల ఎడంతో కొట్టడమే దారి. బోర్డో కొట్టే తోటకి రాగి వేరే కొననక్కర్లేదని ప్రత్యేకంగా చెప్పాలా.

ఫార్ములా ప్యాకెట్ల గురించి ఎక్కువ రాయను. వెనక్కి తిప్పి శాతాలు చదవండి. జింకు 3 శాతం, బోరాన్ అర శాతం అని ఉంటే, మీ తోటకి లేని లోపాలన్నింటికీ డబ్బు కట్టి, ఉన్న లోపానికి చిటికెడు కొంటున్నట్టు.

సేంద్రియ తోటలకి దారి వేరు

అరకు లోయ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ కొండల్లో చాలామంది గిరిజన రైతుల తోటలు సేంద్రియ ధ్రువీకరణలో ఉన్నాయి. వాళ్లు పై లెక్కలు చూసి కొట్టుకి పరుగెత్తకూడదు. యూరియా అసలే కుదరదు. ఈడీటీఏ కృత్రిమంగా చేసింది కాబట్టి చిలేటెడ్ ప్యాకెట్టు కూడా గొడవ తెస్తుంది. జింక్ సల్ఫేట్, బోరాక్స్ లాంటివైనా లోపం ఉందని పరీక్షలో చూపించి, ధ్రువీకరించే సంస్థ దగ్గర ముందే అనుమతి తీసుకున్నాకే. అడక్కుండా ఒక్క ట్యాంకు కొడితే మొత్తం సంఘం సరుకుకే ఎసరు రావచ్చు.

వాళ్లకి నేను మొదట చెప్పేది పండు తొక్క గురించి. పండు తొక్క ఒలిచే పల్పర్ యంత్రం దగ్గర కుప్పగా కుళ్లిపోయే తొక్కలో చెట్టు ఏడాదంతా కూడబెట్టిన పొటాష్, సూక్ష్మధాతువులు ఉంటాయి. దాన్ని పేడతో కలిపి చివకనిచ్చి తిరిగి పాదుకి చేర్చడం, సున్నం మోతాదు మించకుండా చూసుకోవడం, ఈ రెండూ చేశాక కూడా చిగురు సన్నగానే వస్తే అప్పుడు అనుమతి సంగతి చూడొచ్చు. ఆర్.వి. నగర్‌లోని కాఫీ పరిశోధన కేంద్రం వాళ్లని అడిగితే ఇలాంటి వాటికి దారి చెబుతారు.

ఎప్పుడు కొట్టాలి

జింకు పాత ఆకు నుంచి పెద్దగా కదలదు కాబట్టి, కోత అయిపోయిన జనవరిలో ముదురు ఆకుల మీద కొడితే జూన్‌లో పుట్టే ఆకుకి అందేది దాదాపు సున్నా. చిగురు వచ్చి, ఆకులు సగం విప్పుకున్నాక కొట్టాలి. లేత ఆకుకి మైనం తక్కువ, పీల్చుకోవడం ఎక్కువ. మన దగ్గర పూత వానల తర్వాత ఏప్రిల్ చివర, మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక సెప్టెంబరు, అక్టోబరులో ఇంకోసారి. జింకులో సగమైనా లోపలికి పోవడానికి ఒక రోజు అటూ ఇటూ పడుతుంది. కొట్టిన సాయంత్రమే పెద్ద వాన పడితే ఆ ట్యాంకు నేలకి పోసినట్టే.

పరీక్ష రిపోర్టులో ఒక మోసం

ఆకు పరీక్షకి కాయ ఉన్న కొమ్మ కొన నుంచి 3వ లేదా 4వ జత ఆకులు తీస్తారు. జింకు సుమారు 10 నుంచి 20 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఇన్ని వంతులని లెక్క), బోరాన్ 40 నుంచి 80 పీపీఎం ఉంటే తోట బాగున్నట్టు లెక్క. ఒకసారి నా రిపోర్టులో జింకు 60 దాటి వచ్చింది. సంతోషించాను. తోటలో చూస్తే చిగురు మాత్రం వెదురాకులా సన్నగానే ఉంది. ఆకులు తీసింది పిచికారీ చేసిన పదో రోజున. ఆకు పైన ఎండి అంటుకున్న జింకుని కూడా మిషన్ లెక్కపెట్టింది. అది చెట్టు తిన్నది కాదు, చెట్టు ఒంటికి పూసుకున్నది.

ఇప్పుడు పిచికారీ చేసేముందే ఆకులు తీయిస్తున్నాను. పిచికారీ తర్వాత ఫలితం చూడాలంటే, ఆ రోజుకి ఇంకా పుట్టని ఆకుల కోసం ఆగుతున్నాను. ప్రతి బ్లాకులో పది చెట్లకి ఎర్ర గుడ్డ కట్టి, వాటికి కొట్టకుండా వదిలేయమని చెబుతాను. మొదటి ఏడాది కూలీలు గుడ్డ కట్టినవాటికే రెండుసార్లు కొట్టారు. ప్రత్యేకమైన చెట్లనుకున్నారట.